చదరంగపు గళ్లలో ఇరువది అంకెలు

తెలుగున గణితమును పద్యములలో చెప్పినవారిలో పావులూరి మల్లన అగ్రగణ్యుడు. క్రీ.శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును ఆయన తెనిగించినాడు. మల్లన రాజరాజనరేంద్రుని నాటివాడని కొందరును, పిమ్మటివాడని మరికొందరును చెప్పుదురు. ఆయనదిగా ప్రసిద్ధమైన చంపకమాల యొకటి కలదు. చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు 64 గళ్లకును రెట్టించుచు పోగా వచ్చు మొత్తము అందు చెప్పబడినది. ఆ మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615.

ఇరువది అంకెలు పద్యములో ఎట్లిమిడినవి? వస్తువుల పేర్లే అంకెలైనవి. మన్మథుని బాణములు ఐదు, వేదములు నాలుగు, కులపర్వతములు ఏడు, దిగ్గజములు ఎనిమిది, చంద్రుడొక్కడు, ఆకాశము సున్న. లెక్క కుడినుండి ఎడమకు నడచును. పద్యములోని తొలిపదము బాణవాచకము. అది ఒకట్ల స్థానములోని 5. సంఖ్యలోని కడపటి పదము చంద్రవాచకము. అది ఎడమ కొసనున్న 1. వ్రాయసకాడు ఒక పదము జారవిడిచినచో గణము చెడి తప్పు బయటపడును. తాటాకులపై సంఖ్యకు ఛందస్సే కాపలా.

ఈ సంఖ్య ఎంతటిదో ధాన్యముతో కొలిచి చూడవచ్చును. గ్రాముకు 50 బియ్యపు గింజలనుకొందము. తొలి 32 గళ్ల గింజలు 4,29,49,67,295. అనగా సుమారు 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిదింటిలో ఆత్మకూరునుండి ఉదయగిరికి తరలింపవచ్చును. బల్లలో సగము తీరినది. ఇక మిగిలిన సగము? ప్రతి గడియు తనకు ముందున్న గళ్లన్నిటి మొత్తముకంటె ఒక గింజ ఎక్కువ. అందుచే 64 గళ్లు నిండునప్పటికి బరువు సుమారు 36,900 కోట్ల టన్నులగును. ఘనమీటరుకు 800 కిలోల చొప్పున, ఆత్మకూరుకు చేరువనున్న 78 టి.ఎం.సి.ల సోమశిల జలాశయమును ఆ బియ్యముతో ఇన్నూరుసార్లకు పైగా నింపవచ్చును.

ఇంత పెద్ద సంఖ్య సరియైనదేనా యని విద్యార్థి స్వయముగా పరీక్షింపవచ్చును. అంకెల మొత్తము 87. కనుక 3చే భాగింపబడును, 9చే భాగింపబడదు. చివర 5 ఉన్నందున 5చే భాగింపబడును. ఇది 2ను 64 మార్లు వేసి గుణించి, ఒకటి తీసివేయగా వచ్చిన సంఖ్య. రెండు వర్గముల భేదము వాని మొత్తమునకును భేదమునకును లబ్ధమను బడి సూత్రమును మరల మరల ప్రయోగించినచో 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 అను ఆరు కారణాంకములు లభించును.

ఈ ఆరును గణితమున ఫెర్మా సంఖ్యలు. ఇట్టివన్నియు ప్రధాన సంఖ్యలేయని 17వ శతాబ్దిలో ఫ్రెంచి పండితుడు ఫెర్మా విశ్వసించినాడు. 1732లో ఆయిలర్ ఆరవదానిని 641, 67,00,417 అను రెండుగా విడదీసి ఆ విశ్వాసమును పడగొట్టినాడు. నేటి కంప్యూటరు 64 బిట్లలో నిలుపగల గరిష్ఠ పూర్ణసంఖ్యయు మల్లన చెప్పిన యీ సంఖ్యయే.

ఉదయగిరి, ఆత్మకూరు బడులలో తెలుగు పంతులు పద్యమును విప్పి చెప్పి, లెక్కల పంతులు నల్లబల్లపై ఆ కారణాంకములను గుణింపజేసినచో, రెండు దారులును ఆ ఇరువది అంకెలకే చేరును. ఒక్క అంకె తప్పినను పిల్లలే పట్టుకొందురు.