రాసిన ఆహారం, అందిన ఆహారం

ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఆకలేసినా చెప్పుకునే దారి లేదు. లోపల మాత్రం శరీరం తన కండరాలనే కరిగించుకుంటూ జబ్బుతో పోరాడుతుంది. లండన్ పరిశోధకులు ఇలాంటి రోగుల తొడ కండరాన్ని అల్ట్రాసౌండ్‌తో కొలిచి 2013లో ప్రకటించిన లెక్క ప్రకారం, పది రోజుల్లో అది దాదాపు 18 శాతం తగ్గింది. ఆహారం ఒక్కటే ఈ నష్టాన్ని ఆపలేదు. కానీ అదీ అందకపోతే కోలుకోవడానికి ఒంట్లో సత్తువ మిగలదు. అందుకే, ప్రత్యేకమైన అడ్డంకి లేకపోతే, 48 గంటల్లోపే ముక్కు గొట్టం ద్వారా ఆహారం మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎంత ఇవ్వాలో డాక్టరు, డైటీషియన్ రాస్తారు. ఎంత అందిందో తెలిసేది నర్సుకే. రోజుకు 1500 మిల్లీలీటర్లని రాశారనుకుందాం, అంటే గంటకు సుమారు 62. స్కాన్‌కు తీసుకెళ్లాలని కాసేపు, ఆపరేషన్ ఉందని ఇంకాసేపు పంపు ఆపుతారు. అలా ఆరు గంటలు ఆగితే 375 మిల్లీలీటర్లు పోయినట్టే. రోజూ ఇదే జరిగితే రోగి అందరి కళ్లముందే పస్తుంటాడు. కెనడాలో డారెన్ హేలాండ్ బృందం దీనికి మార్గం చూపింది: గంట లెక్క వదిలి రోజు మొత్తం లెక్క పట్టుకోవాలి, పోయినదాన్ని మిగిలిన గంటల్లో, ఒక పరిమితి దాటకుండా, భర్తీ చేసే అధికారం నర్సుకే ఇవ్వాలి. ఇది ప్రతి ఐసీయూలోనూ ఉండాల్సిన పద్ధతని నా నమ్మకం.

గొట్టం జారిందా, తలవైపు మంచం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తులో ఉందా, పొట్ట ఉబ్బిందా అన్నవీ నర్సే చూడాలి. మత్తు కోసం ఇచ్చే ప్రొపోఫాల్ నూనెతో కలిసిన మందు, మిల్లీలీటరుకు సుమారు ఒక క్యాలరీ ఇస్తుంది. ఆ లెక్కా వదలకూడదు.

అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం, చాలా రోజులు తిండి లేని రోగికి ఒక్కసారిగా పూర్తి ఆహారం ఇవ్వడం. ఇన్సులిన్ పెరిగి, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి. గుండె లయ తప్పవచ్చు, ఊపిరి తీసే కండరాలు నీరసించవచ్చు. రక్త పరీక్షలో ఫాస్ఫేట్ పడిపోవడం గమనించి వెంటనే డాక్టరుకు చెప్పే నర్సు ఒక ప్రాణాన్ని కాపాడినట్టే.

మీ వాళ్లను ఐసీయూలో చేర్చినప్పుడు ఎన్ని రోజులుగా సరిగా తినలేదో, బరువెంత తగ్గారో, మద్యం అలవాటుందో లేదో నర్సుకు దాచకుండా చెప్పండి. రాగిజావైనా కొబ్బరినీళ్లైనా అడగకుండా గొట్టంలో పోయకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచేయని రోగికి అది ప్రాణాంతకం కావచ్చు.