ఆకాశవాణి డిజిటల్ అయింది, రేడియో ఏదీ?

పాత మీడియం వేవ్ రేడియోలో సంకేతం ఎంత బలహీనపడినా మాట ఒక్కసారిగా ఆగిపోదు. గరగర పెరుగుతుంది, పక్క స్టేషను చొరబడుతుంది. రాత్రయితే అయనోవరణం తిప్పి పంపే తరంగాలు కూడా కలిసి శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. అయినా వార్తలు చదివేవారి మాటను చెవి పోల్చుకుంటుంది. డిజిటల్ రేడియోలో అలా కుదరదు. ఒక హద్దు దాకా మచ్చలేని శబ్దం వస్తుంది. ఆ హద్దు దాటితే నిశ్శబ్దమే.

దీనికి కారణం ప్రసారమయ్యే తీరులోనే ఉంది. ఆకాశవాణి మీడియం వేవ్ కోసం ఎంచుకున్న డీఆర్ఎం (డిజిటల్ రేడియో మోండియాల్) పద్ధతిలో శబ్దాన్ని అంకెలుగా మార్చి, కుదించి, ఎన్నో సన్నని ఉపతరంగాలకు పంచుతారు. ఒకే సంకేతం నేలను అంటుకుని ఒకసారి, అయనోవరణాన్ని తాకి కాస్త ఆలస్యంగా మరోసారి చేరినా రెండూ కలగాపులగం కాకుండా సంకేతంలోని ఒక్కో తునకకూ తర్వాతి దానికీ నడుమ చిన్న ఎడం ఉంచుతారు. దారిలో పోయిన అంకెలను రిసీవర్ తిరిగి పూరించుకోవడానికి అదనపు సమాచారం కూడా జోడిస్తారు. ఆ పూరింపుకూ ఒక పరిమితి ఉంది. తప్పులు అంతకు మించితే రిసీవర్ శబ్దాన్ని ఆపేస్తుంది. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉన్న ఎల్ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు మీడియం వేవ్‌లో రొదను బాగా పెంచాయి. అందుకే ట్రాన్స్‌మిటర్ నుంచి దూరంగా ఉన్న ఇళ్లలో రిసీవర్‌ను కిటికీ దగ్గర పెడితే వినిపించే స్టేషను గది మధ్యలో వినిపించకపోవచ్చు.

డిజిటల్ అన్నంత మాత్రాన నాణ్యత దానంతటదే రాదు. బ్రిటన్‌లో బీబీసీ 1995లోనే డాబ్ అనే మరో డిజిటల్ పద్ధతిలో ప్రసారాలు మొదలుపెట్టింది. తర్వాత ఒకే వాహికలో ఎక్కువ స్టేషన్లను ఇరికించడానికి ఒక్కోదానికి ఇచ్చే బిట్లను తగ్గించారు. మంచి ఎఫ్ఎమ్మే నయమని అక్కడి శ్రోతలు ఫిర్యాదు చేశారు. డీఆర్ఎంలోనూ ఒకే తరంగం మీద ఒకటికి మించి కార్యక్రమాలు పంపవచ్చు. అందుబాటులో ఉన్న 9 లేదా 10 కిలోహెర్ట్జ్‌ల ఇరుకులో ఆ ఆశకు పోతే శబ్దం పలచబడక తప్పదు.

నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్ఎం ప్రసారాలను ఆపేసి డాబ్‌కు మారింది. శ్రోతలకు కొత్త రేడియో కొనక తప్పలేదు, దుకాణాల్లో రేడియోలూ ఉన్నాయి. మన దగ్గర వరుస తిరగబడింది. దేశంలో ముప్పైకి పైగా మీడియం వేవ్ డీఆర్ఎం ట్రాన్స్‌మిటర్లు ముందే వచ్చాయి. వాటి ప్రసారాలను అందుకునే రిసీవర్లు లక్షలాది కొత్త కార్లలో ఉన్నాయి గానీ, పల్లె ఇంట్లోకి కొనుక్కునేంత చవకైన సెట్టు మాత్రం బజారులో దొరకదు.

డీఆర్ఎంలో అత్యవసర హెచ్చరిక ఏర్పాటు ఉంది. తుపానులో సెల్ టవర్లు కూలినా, దూరాన ఉన్న ఒక్క మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ ఎన్నో జిల్లాలకు కబురు అందించగలదు. కోస్తా తీరంలో వేటకు వెళ్లే కుటుంబాలకు ఇంతకంటే విలువైన సాంకేతికత అరుదు. కాబట్టి ప్రభుత్వం ఇకమీదట పెట్టే ఖర్చు కొత్త ట్రాన్స్‌మిటర్ల మీద కాక, చవకైన రిసీవర్ తయారీ మీద పెట్టాలి. ఆ సెట్టు రానంత కాలం ఈ పథకాన్ని విజయమని అనలేం.