గుర్తించే అణువు, గుర్తు తప్పే మాట

ఖరగ్‌పూర్‌లో రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన ఆంధ్రులకు తెలుగూ వంగభాషా ఇరుగుపొరుగులు. మనకు ‘ఉపన్యాసం’ ప్రసంగం, వారికి నవల. మనకు ‘అభిమానం’ ప్రీతి. వారికి ఆత్మీయులపై అలక. రూపం ఒక్కటే, అర్థం వేరు. అనువాదకుడు ఎరిగిన ఈ ప్రమాదమే జీవశాస్త్ర పరిశోధకునికీ పొంచి ఉన్నది.

పరాయి పదార్థం శరీరంలో ప్రవేశించినప్పుడు దానిని పట్టుకొనుటకు పుట్టే ప్రోటీను ప్రతిరక్షకం. యాంటీబాడీ అన్న పేరే వాడుకలో ఎక్కువ. తన కొరకైన ఆకృతిని వెదకి పట్టుకొనుట దాని స్వభావం. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టీన్ అనే శాస్త్రజ్ఞులు ఒకే కణసంతతి నుండి ఒకే తీరు ప్రతిరక్షకాలను ఎడతెగక పొందే మార్గం కనుగొన్నారు. అటుపిమ్మట పరిశోధకునికి ఇవి చీకటిలో వెదికే దీపాలైనవి.

కొవ్వు విషయమే చూడండి. రక్తంలో కొలెస్టరాలును మోసే ఎల్.డి.ఎల్. రేణువులను కాలేయకణం తన పైపొరలోని గ్రాహకాలతో పట్టి లోనికి తీసుకొంటుంది. పి.సి.ఎస్.కె.9 అనే ప్రోటీను ఆ గ్రాహకాన్ని అంటుకొని నాశనానికి నడిపిస్తుంది. గ్రాహకాలు తగ్గిన కొలదీ రక్తంలో కొలెస్టరాలు పెరుగుతుంది. గుండెజబ్బుకు దారి ఏర్పడుతుంది. కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వచ్చే అధిక కొలెస్టరాలుకూ ఈ ప్రోటీనుకూ గల సంబంధం 2003లో వెల్లడి అయింది.

కాలేయంలో ఇది ఎంత ఉన్నదో తెలియవలెనంటే, కణజాలంలోని ప్రోటీనులను పరిమాణాన్ని బట్టి విడదీసి, పలుచని పొరపైకి ఎక్కించి, తగిన ప్రతిరక్షకంతో తడుపుతారు. అది అంటుకొన్నచోట గీత తేలుతుంది. కాని ఆ గీత ఎవరిది? పోలిక గల మరొక ప్రోటీనును ప్రతిరక్షకం పట్టుకొన్నచో, పరిశోధకుడు వంగ నవలను ప్రసంగమని అనువదించినవాడే అవుతాడు. అందుచేత ఆ జన్యువును తొలగించిన కణాలను కూడా పక్కన నిలిపి పరీక్షిస్తారు. అక్కడ కూడా అదే గీత తేలితే ఆ సాక్షి పనికిరాదు. లేనిచోట లేదని చెప్పగలిగినదే, ఉన్నచోట ఉన్నదంటే నమ్మదగినది.

ఇది ప్రయోగశాల మర్యాద మాత్రమే కాదు. ఈ ప్రోటీనునే అడ్డుకొనే అలిరోకుమాబ్, ఎవొలోకుమాబ్ అనే ప్రతిరక్షకాలు 2015లో అమెరికాలోనూ ఐరోపాలోనూ మందులుగా అనుమతి పొందినవి. గుర్తింపు తప్పితే ఏండ్ల శ్రమయే గాక రోగుల ఆశ కూడా వ్యర్థమౌతుంది.

మన బాధ్యత కూడా ఇందులో కొంత ఉన్నది. ప్రతిరక్షకం పట్టుకొనేదానికి ప్రతిజనకమని పేరు. ఈ రెండు మాటలనూ తారుమారు చేసిన వ్యాసం పాఠకునికి తప్పుగీతనే చూపుతుంది. శాస్త్రాన్ని తెలుగు చేసే రచయిత ప్రతి మాటనూ రెండు ప్రశ్నలు అడగవలె: ఇది దేనిని పట్టుకొంటున్నది? దేనిని పట్టుకొనరాదు?