పుట్టినింట కుమార్తె భాగము



‘ఆడపిల్ల ఆడ పిల్లయే గాని యీడ పిల్ల కాదు’ అని మన పెద్దలు నవ్వుచు చెప్పుచుందురు. ఆ నవ్వులో నొక శాసనమంత బరువు గలదు. బాలిక తాను పరాయి సొత్తునని వినుచు పుట్టినింట పెరుగును. మెట్టినింట మరల పరాయి పిల్ల యనిపించుకొనును. తానెక్కడి దానననుకొనునో దానిని బట్టియే మనుజుడు తనకు రావలసినదానిని అడుగగలుగును. కావున ఈ మాటను ఆస్తి విషయముతో జేర్చి యోచింపవలసియున్నది.

మన ధర్మశాస్త్రములు స్త్రీకేమియు నీయలేదనుట సరికాదు. యాజ్ఞవల్క్యస్మృతి స్త్రీధనమును పేర్కొన్నది. దానికి మితాక్షర యను వ్యాఖ్య రచించిన విజ్ఞానేశ్వరుడు, వారసత్వమున వచ్చినదియు, కొనినదియు, పంపకమున లభించినదియు స్త్రీధనమేయని విశాలముగా అర్థము చెప్పెను. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములు ఆ యర్థమును కుదించినవి. ఉమ్మడి యాస్తిలో పుట్టుకతోడనే పాలు గలవాడు మాత్రము కుమారుడే. కుమార్తెకు ఆ పాలు లేకపోయెను.

1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్త భాగము నిచ్చినది గాని, బ్రతికినన్నాళ్లు అనుభవించుటకే. స్వేచ్ఛగా అమ్ముకొనుటకు కాదు. కులము నిలుచుట స్త్రీలను కట్టడిలో నుంచుటపై నాధారపడియున్నదని 1916లోనే తమ వ్యాసమున చూపిన డాక్టరు అంబేద్కరుగారు, 1951లో కేంద్ర న్యాయమంత్రి పదవిని వదలుకొనిరి. హిందూకోడు బిల్లు సాగకపోవుట అందుకు ముఖ్యకారణములలో నొకటి. 1956లో వచ్చిన వారసత్వ చట్టము స్త్రీకి తన యాస్తిపై సంపూర్ణాధికార మిచ్చినది. ఉమ్మడి యాస్తిలో పుట్టుక హక్కును మాత్రము మగవారికే యుంచినది.

ఆ లోపమును తీర్చుటకు ఆంధ్రప్రదేశమున 1986లో సవరణ జరిగెను. అది 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి వర్తించినది గాని, అంతకు ముందే పెండ్లియైనవారికి చెందలేదు. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతట వివాహితలకును హక్కు కలిగెను. ఆ దినమునకు తండ్రి జీవించియుండ నక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది.

చట్టమింత దూరము వచ్చినను మన చేయి వెనుకాడుచున్నది. మేమెరిగిన యొక యింట తండ్రి కర్మ ముగిసిన నెలలోపలనే అక్కచెల్లెండ్రను పిలిపించి, హక్కు విడుదల పత్రముపై సంతకములు చేయించిరి. విందు చేసి, తలకొక చీర పెట్టి పంపిరి. ఎవరును బలవంతము చేయలేదు. ‘అన్నదమ్ములతో తగవు పడినదానికి పుట్టిల్లెక్కడిది?’ అను భయమే చాలినది. వారిలో నొకతె భర్త పోయి, కుట్టుపనితో నిద్దరు పిల్లలను సాకుచున్నది. ఆమెకు అక్కరయైనది అరయెకరము; దక్కినది చీర.

‘కట్నమిచ్చితిమి గదా’ యందురు. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961 చట్టముచే నేరములైనవి. మీదుమిక్కిలి, ఆ సొమ్ము కుమార్తె చేత నిలుచుట యరుదు. అది వియ్యాలవారి ఖర్చులలో కరగిపోవును. భూమి యేటేట ఫలించును.

ఇంకొక మాట. సెంటు భూమియైన లేని కూలియింట పుట్టిన స్త్రీకి ఈ హక్కువలన కలుగు లాభమేమి? ఆమెకు న్యాయమన, చేసిన పనికి సమమైన కూలి. అది యీయవలెనని 1976లోనే చట్టము వచ్చినది. మన పొలమున ఒకే పని చేసిన ఆడుమనిషికి తక్కువ యిచ్చుచు, మన సోదరులను మాత్రము సమభాగమడుగుట ధర్మమగునా? మనకు కోరునది ఇతరులకును కోరవలెను.

కడపట కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుడు. తండ్రి తన స్వార్జితమును వీలునామా మూలమున ఎవరికైన వ్రాయవచ్చును. వ్రాయక మరణించినచో కుమార్తెకును కుమారునితో సమభాగము. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు చట్టప్రకారము జరిగిన పంపకములను తిరుగదోడరాదు. ఏ పత్రమునైన చదువక, చదివించుకొనక సంతకము చేయకుడు. తోబుట్టువు బీదవాడై, ప్రేమతో వదలుకొనదలచితిరా, సంతోషముగా వదలుకొనుడు. తెలిసి యిచ్చినది దానము. తెలియక విడిచినది నష్టము. ఈ భేదమును మన కుమార్తెలకు పెండ్లికి ముందే తెలుపుట తల్లులమైన మన విధి.