గుర్తించుట యొకటి, ఆదుకొనుట వేఱొకటి
(జపానుదేశమున వికాసవైకల్యముగల శిశువుల సమస్య)

మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మనలో నొక సామెత కలదు. బిడ్డలను మందలించునప్పుడు పెద్దలు దీనిని వాడుచుందురు. కాని కొందఱు బిడ్డల విషయమున దీనికి వేఱొక యర్థము చెప్పుకొనవలసియున్నది. మొక్కగా నున్ననాడు వారికి గావలసినది వంచుట కాదు, ఊతకోల పాతుట. ఆ ఊతము సకాలమున నందెనా, యేండ్లు గడచినపిమ్మట నందెనా యనుదానిపై వారి జీవితము చాలవఱకు ఆధారపడియుండును. ఈ సత్యమును గ్రహించి, శాసనములు గావించి, ధనము వెచ్చించి, అయినను నేటికిని పూర్తిగా గృతార్థము గాలేని దేశము జపాను. దాని యనుభవము మన పాఠకులు విమర్శించి చూడదగినది.

ఇచట మనము చెప్పుచున్నది కాలుసేతుల లోపమునుగూర్చి కాదు. పిలిచిన పలుకక, ఎదుటివారి ముఖము చూడక, తన లోకమున దానుండు ఆటిజము, ఒకచోట నిలువలేని, ఒకపనియందు మనస్సు నిలుపలేని చాంచల్యము, తక్కిన తెలివి చక్కగా నుండియు, చదువుటయందో వ్రాయుటయందో లెక్కలయందో మాత్రము తడబడుట, ఇట్టివానిని వికాసవైకల్యములందురు. 2004 డిసెంబరులో ఆమోదింపబడి, 2005 ఏప్రిలునుండి అమలునకు వచ్చిన జపాను శాసనము వీనిని మెదడు పనిచేయు తీరునకు సంబంధించినవిగా, సాధారణముగా బాల్యముననే కానవచ్చునవిగా నిర్వచించినది. తల్లి పెంపకము సరిగా లేనందున బిడ్డ యిట్లయ్యెనను నిందకు శాసనమే యీవిధముగా సమాధానము చెప్పినది. అంతకుముందు బుద్ధిమాంద్యమునకు, అవయవలోపమునకు, మనోవ్యాధికి వేర్వేఱు శాసనము లుండెను. బుద్ధిమాంద్యము లేని యీ బిడ్డలు ఏ శాసనమునకును పూర్తిగా జెందక నడుమ మిగిలిపోయిరి.

ఆ దేశమున నీ కార్యము నేడు పుట్టినది కాదు. 1891లో భూకంపమువలన అనాథలైన బాలికలను చేరదీసిన ఇషీ ర్యోయిచి, వారిలో బుద్ధిమాంద్యముగల బాలికను గాంచి, అట్టివారి విద్యకై తన జీవితమును ధారవోసెను. ఆయన నెలకొల్పిన తకినొగావా గకుయెన్ జపానునందు అట్టి సంస్థలలో మొదటిది. యుద్ధము ముగిసినపిమ్మట 1946లో ఇతోగా కజువో షిగా మండలమున ఓమి గకుయెన్ స్థాపించెను. ఈ బిడ్డలపై లోకము దయ చూపుట చాలదనియు, వీరినే లోకమునకు వెలుగుగా జేయవలెననియు ఆయన బోధ.

ప్రభుత్వమును ఊరకుండలేదు. 1947లో శిశుసంక్షేమశాసనము వచ్చెను. 1948నుండి గర్భిణికిచ్చు చిన్న పుస్తకమున తల్లి యారోగ్యముతోపాటు బిడ్డ యెదుగుదలయు వ్రాయబడుచున్నది. 1961లో మూడేండ్ల బిడ్డలకు, 1977లో ఏడాదిన్నర బిడ్డలకు ఆరోగ్యపరీక్షలు ప్రారంభమయ్యెను. వీనిని జరుపుట నేడు ప్రతి పురపాలకసంఘమునకు, గ్రామమునకు శాసనవిధి. నూటికి 95 దరిదాపు బిడ్డలు ఈ పరీక్షలకు వచ్చుచున్నారు. మాట వచ్చినదా, చూపించిన వస్తువువంక చూచుచున్నదా, తోడిపిల్లలతో ఆడుచున్నదా యని ఆరోగ్యసేవకురాలు తల్లిని అడిగి తెలిసికొనును. ఇంత విస్తారమైన వల పన్నిన దేశములు లోకమున నెక్కువ లేవు.

మఱి లోపమెక్కడ? వలలో పడినపిమ్మట నేమి జరుగుచున్నదను ప్రశ్నయందే యున్నది. అనుమానము తోచినపుడు తల్లికి దఱచుగా వినవచ్చు మాట "కొంతకాలము చూతము" అనునది. చూచుట ముగిసి వైద్యునికడకు బోదమన్నచో, శిశుమనస్తత్త్వ మెఱిగిన వైద్యులు కొలదిమంది. 2017లో జపాను ఆంతరంగిక వ్యవహారముల మంత్రిత్వశాఖ విచారించిన వైద్యశాలలలో దాదాపు సగమునందు మొదటి దర్శనమునకే 3 మాసములు, అంతకు మించియు వేచియుండవలసియున్నదని తేలెను. పెద్దవారికి ఆఱుమాసములు స్వల్పకాలము. రెండేండ్ల బిడ్డకు అది యాయుర్దాయమున నాలుగవవంతు. మాట నేర్చుకొనవలసిన కాలమే వేచియుండు కాలమైనచో ఆ నష్టమును పూరించువా రెవరు?

వేఱొక యడ్డంకి లోకభీతి. దానిని జపానీయులు "సెకెన్" అందురు. లోకులేమందురో యను మన భయమే యది. బిడ్డకు వ్యాధిపేరు పెట్టిన బడిలో చిన్నచూపు చూతురని తండ్రి జంకును. కోడలి పెంపకమే కారణమని అత్తగారు దెప్పును. స్పష్టముగా జెప్పిన తల్లి మఱల రాదేమోయని సేవకురాలు సందేహించును. కావున "చూతము" అను మాట యిరువురికిని ఊఱటయై, బిడ్డకుమాత్రము శిక్షయగుచున్నది.

దీనికి మార్గము లేకపోలేదు. మొదటిది, వ్యాధి నిర్ణయమునకును సహాయమునకును ముడిపెట్టకుండుట. శిశుసంక్షేమశాసనము క్రింది శిక్షణకు వైద్యుని నిర్ణయపత్రము తప్పనిసరి కాదు. అవసరమున్నదని ఆరోగ్యకేంద్రము వంటి సంస్థ యభిప్రాయపడినచో పురపాలకసంఘము అనుమతింపవచ్చును. 2019 అక్టోబరునుండి 3 మొదలు 5 ఏండ్ల బిడ్డలకు ఈ సేవకు రుసుము లేదు. ఈ సంగతి ప్రతి తల్లికిని తెలియజేయవలెను. రెండవది, అయిదేండ్ల పరీక్ష. మూడేండ్ల నాడు కానరాని చాంచల్యము తోడిపిల్లల గుంపులో అయిదేండ్లకు బయటపడును. 2023లో ఏర్పడిన బాలకుటుంబసంస్థ దీనికి ద్రవ్యసహాయము చేయుచున్నది. కాని పరీక్షించు చేతులకంటె ఆదుకొను చేతులు తక్కువైనచో, క్రొత్త పరీక్ష వేచియుండువారి వరుసను పెంచుటయే యగును. షిగా మండలమందలి ఓత్సు పట్టణము 1970ల దశకముననే మూడు నియమములు పెట్టుకొనెను: పరీక్షకు రాని బిడ్డ యుండరాదు, వచ్చి గుర్తింపబడని బిడ్డ యుండరాదు, గుర్తింపబడి సహాయమందని బిడ్డ యుండరాదు. మూడవదియే కష్టమైనది, మూడవదియే ఫలమిచ్చునది.

మూడవ మార్గము, బిడ్డ యున్నచోటికే నేర్పరిని పంపుట. 2012నుండి శిశుశాలలకు బోయి ఉపాధ్యాయినులకు దారి చూపు సేవ గలదు. అదే సంవత్సరమునుండి ప్రైవేటు శిక్షణగృహములు వేగముగా బెరిగినవి. అన్నియు నొకే తీరుగా లేవు. కొన్ని బిడ్డలను కూర్చుండబెట్టి కాలము గడుపుచున్నవన్న విమర్శ వచ్చినందున ప్రభుత్వము 2015లోను, 2017లోను మార్గదర్శకసూత్రములు ప్రకటింపవలసివచ్చెను. సూత్రములు చాలవు, తనిఖీ కావలెను.

2022లో విద్యామంత్రిత్వశాఖ ఉపాధ్యాయుల నడుగగా, ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల సామాన్యతరగతులలో నూటికి 8.8 మంది చదువునందో నడవడియందో విశేషమైన యిబ్బంది పడుచున్నారని తేలెను. ఇది వైద్యనిర్ణయము కాదు, గురువుల యంచనా. 2012లో నిదియే 6.5. ఉపాధ్యాయుల యెఱుక పెరిగినందునను లెక్క పెరిగియుండవచ్చును. ఏమైనను, తరగతికి ఇద్దఱు ముగ్గురు బిడ్డలు సహాయమునకై యెదురుచూచుచున్నారు.

త్వరగా ఆదుకొనుట యనగా బిడ్డను త్వరగా ఇతరులవలె మార్చివేయుట యని కొందఱి యభిప్రాయము. అది పొరపాటు. బిడ్డ తన కోరికను తెలుపగలుగుట, తల్లి దానిని గ్రహింపగలుగుట, బడి వానికి చోటు చేయగలుగుట - ఇదియే దాని ప్రయోజనము. 2016లో సవరింపబడిన జపాను శాసనము సమాజమందలి యడ్డంకులనుగూడ పేర్కొన్నది. శాసనము తన మాట చెప్పినది. చెల్లింపవలసినవారు ఇక గృహస్థులు, గురువులు, గ్రామాధికారులు.