మీకు తెలుసా? బిడ్డ మెదడుకు కొవ్వే ముడిసరుకు

తడి తీసేసి తూచితే మన మెదడులో సగానికి పైగా కొవ్వే! పుట్టినప్పుడు 350–400 గ్రాములుండే ఆ మెదడు, బిడ్డకు రెండేళ్లు నిండేసరికి పెద్దవాళ్ల మెదడులో దాదాపు 80 శాతానికి చేరుతుంది. ఆ పెరుగుదలకు, కంటి రెటీనాకు డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం చాలా అవసరం.

తల్లిపాల శక్తిలో సుమారు సగం కొవ్వు నుంచే వస్తుంది. అయితే ఆ పాలలో డీహెచ్‌ఏ ఎంతుంటుందన్నది తల్లి తినే తిండిని బట్టి మారుతుంది. గర్భిణికి, పాలిచ్చే తల్లికి రోజుకు కనీసం 200 మిల్లీగ్రాములు కావాలని 2008లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) నిపుణులు సూచించారు.

పుల్లలచెరువు లాంటి మెట్ట ఊళ్లకు డీహెచ్‌ఏ బాగా ఉండే సముద్రపు చేప దూరమే. వేరుశనగ నూనెలో ఒమేగా-6 బాగానే ఉన్నా ఒమేగా-3 దాదాపు లేదు. అవిసె గింజల్లో ఒమేగా-3 పుష్కలం, కానీ శరీరం అందులో చాలా కొద్ది భాగాన్నే డీహెచ్‌ఏగా మార్చుకోగలదు. అందుకే అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డును, కొంత డీహెచ్‌ఏ ఉండే పచ్చసొనతో సహా తల్లే తినాలి. చెరువు చేప దొరికితే మరీ మంచిది. పథ్యం పేరుతో బాలింతకు ఈ రెండూ మాన్పించడం బిడ్డకు అన్యాయమే.

డబ్బాపాల మీద 'డీహెచ్‌ఏ' అని చూసి అప్పుచేసి కొనకండి. నెలలు నిండి పుట్టిన పిల్లలకు పాలపొడిలో అది కలపడం వల్ల స్పష్టమైన మేలేమీ వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2017 నాటి సమీక్షలో కనిపించలేదు. ముర్రుపాలతో మొదలుపెట్టి ఆరు నెలలూ తల్లిపాలే పట్టండి. ఆ తర్వాత మెత్తని పప్పన్నంలో కాస్త నెయ్యో నూనో తప్పక కలపండి.