రంగు క్రింది కొయ్య

ఈ వేసవి సెలవులకు మా మేనల్లుడు ఒక విద్యుత్ గిటారును భుజాన తగిలించుకొని మా యింటికి వచ్చినాడు. హైదరాబాదులో ఎవరో విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోతూ అమ్ముకొన్న పాత వాద్యం అది. ఒళ్ళంతా నిగనిగలాడే నల్లరంగు. అంచుల వెంట మాత్రం అక్కడక్కడ పెచ్చు లేచి ఉన్నది. వచ్చిన మరునాడే, "మామయ్యా, దీని రంగంతా గీకివేసి కొయ్య కనబడేటట్టు చేద్దాం. నీ దగ్గర పనిముట్లు ఉన్నవి గదా" అన్నాడు. ఎందుకురా అని అడిగితే తన ఫోనులో ఒక బొమ్మ చూపినాడు.

ఆ బొమ్మ 1969 జనవరి 30వ తేదీన లండన్ నగరంలో, సవీల్ రో వీధిలోని ఒక మేడ మీద తీసినది. బీటిల్స్ బృందం అందరి యెదుట కలిసి వాయించిన చివరి కచ్చేరి అదే. అందులో జాన్ లెనన్ చేతిలోని గిటారుకు రంగు లేదు. లేత గోధుమవన్నె కొయ్య, అంతే. అది అమెరికాలో ఎపిఫోన్ పేరిట తయారైన కసీనో అనే రకం. కొన్నప్పుడు దానికి నడుమ పసుపు, అంచులకు పోనుపోను ముదురు గోధుమరంగు ఉండేవి. 1968 మొదట్లో ఆ బృందంవారు మన హృషీకేశ్‌లో ధ్యానం నేర్చుకొనడానికి వచ్చినప్పుడు, వారితో ఉన్న డోనవన్ అనే గాయకుడు, దట్టమైన పూత తీసివేస్తే వాద్యం బాగా పలుకుతుందని లెనన్‌కు చెప్పినాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఏమైనా ఆ యేడే లెనన్ పూత తీయించినాడు. జార్జ్ హారిసన్ కూడా తన కసీనోకు అదే పని చేసినాడు. పూత పోతే కొయ్యకు ఊపిరి ఆడుతుందని వారి నమ్మకం.

మావాడిదీ అదే నమ్మకం. నేను పాఠం చెప్పేవాణ్ణి గనుక ఊరుకోలేకపోయినాను. లెనన్ గిటారు లోపల డొల్ల. దాని పై పలక తీగెతోపాటు కదులుతుంది. మావాడిది గట్టి దిమ్మ. దానిలో తీగె క్రింద అయస్కాంతం, ఆ అయస్కాంతం చుట్టూ వెంట్రుకవంటి రాగితీగెతో చుట్టిన వేలకొద్దీ చుట్లు ఉంటవి. ఉక్కుతీగె అదరినప్పుడు అయస్కాంతక్షేత్రం మారుతుంది. మారినకొద్దీ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టి చూపిన సూత్రమే ఇది. ఆ విద్యుత్తే పెద్దదై మనకు నాదంగా వినబడుతున్నది. ఇందులో పైపూతకు ఉన్న పాత్ర బహు స్వల్పం. ఇదంతా విని మావాడు, "అయితే తీస్తే నష్టం కూడా లేదన్నమాటే గదా" అన్నాడు. తర్కంలో దొరికిపోయినాను.

నష్టం ఉన్న చోట్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కార్ఖానా 1950లో గట్టిదిమ్మ గిటార్లను అమ్మకానికి పెట్టినది. 1954లో స్ట్రాటోకాస్టర్ అనే రకం వచ్చినది. ఆ రోజుల్లో అక్కడి పనివారు, గిటారు మెడ దిమ్మతో కలిసే చోట, బయటికి కనబడని భాగంలో, పెన్సిలుతో తమ పేరులోని పొడి అక్షరాలో తేదీయో వ్రాసేవారు. ఇప్పుడు ఆ వ్రాతలే ఆ వాద్యాల జాతకాలు. తెలియక గరుకు కాగితం పట్టి రుద్దితే రెండు నిమిషాలలో జాతకం పొట్టు అయిపోతుంది. మొదటి పూత పోయిన పాత గిటారుకు బజారులో సగం ధర రావడమే గగనం.

ఐర్లండు దేశపు రోరీ గాలగర్ సంగతి ఇంకొక రకం. 1961లో తయారైన స్ట్రాటోకాస్టర్ ఒకదానిని అతడు 1963లో, పదిహేనేళ్ళ వయసులో, నూరు పౌనులకు అరువు మీద కొన్నాడు. తరువాత దొంగలు దానిని ఎత్తుకొనిపోయి వానలో ఒక గుంటలో పారవేసినారట. దొరికిన తరువాత అతడు 1995లో చనిపోయేవరకు దానిని విడువలేదు. వానకో, యేళ్ళ తరబడి కారిన చెమటకో, దాని పూత దాదాపు అంతా రాలిపోయినది. తిరిగి పూయించుదామన్న ఊసే లేదు. 2024లో లండన్‌లో వేలం వేస్తే ఆ గిటారు ఎనిమిది లక్షల పౌనులకు పైగా పలికి, ఐర్లండు జాతీయ ప్రదర్శనశాలకు చేరినది. లెనన్ పూత గీకినందువల్ల పోయినది. గాలగర్ పూత వాయించినందువల్ల పోయినది. "నీది ఈ రెంటిలో ఏదీ కాదు. చేతికి వచ్చి నెల కాలేదు" అన్నాను. అతడు నవ్వి మరలు విప్పడం మొదలుపెట్టినాడు.

విప్పడానికి ముందు తీగెల అల్లికను నాలుగు వైపుల నుంచి ఫొటో తీయించినాను. ఒక్కొక్క చోటి మరమేకులను ఒక్కొక్క అగ్గిపెట్టెలో వేసి పైన పేరు వ్రాయించినాను. టంకం వేసిన కొసలను కదిలించకుండా అయస్కాంతపు చుట్టలను గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టించినాను. ఉక్కుపీచు రజను గాని ఇనుపపొడి గాని వాటికి అంటుకొంటే మళ్ళీ వదలదు.

తరువాతి ప్రశ్న, ఉన్న పూత ఏ జాతిది అని. పాత అమెరికా గిటార్లకు నైట్రోసెల్యులోజు పూత వేసేవారు. అది తుపాకులలో వాడే మందుదూదికి దాయాది; 1920ల నుంచి మోటారుకార్లకు వేసిన రంగు కూడా అదే. ద్రావకం ఎగిరిపోయి ఆరుతుంది గనుక మళ్ళీ ద్రావకం తగిలితే కరుగుతుంది. 1960ల చివరి నుంచి వాడుకలోకి వచ్చిన పాలియెస్టరు, పాలియురెథేను పూతలు రసాయన చర్యవల్ల గట్టిపడతవి. అవి మళ్ళీ కరగవు. మెడపలక క్రింద మరుగైన చోట దూదితో అసిటోను అద్ది చూచినాము. నల్లరంగు చెక్కుచెదరలేదు. అది పాలియెస్టరే.

రంగు ఊడగొట్టే మందు తెస్తానన్నాడు మావాడు. వద్దన్నాను. వాటిలో చాలాకాలం ప్రధానమైనది మిథిలీన్ క్లోరైడు. దాని ఆవిరి పీల్చితే ఒంట్లో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. మూసిన గదుల్లో ఆ పని చేస్తూ ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. 2019లో అమెరికా ప్రభుత్వం అటువంటి మందులను ఇండ్లలో వాడుకొనేవారికి అమ్మరాదని నిషేధించినది. మిగిలినది వేడిగాలి యంత్రం. వసారాలో, ముక్కుకు ముసుగు కట్టుకొని, ఒక్కొక్క జానెడు మేర వేడిచేసి వెడల్పాటి రేకుతో నెట్టితే, పెనం మీద కాలిన దోసె అంచులాగా రంగు లేచి వచ్చినది. గోరుకంటె మందంగా ఉన్నది! ఇంత దుప్పటి కప్పుకొని ఈ కొయ్య ఎట్లా నిద్రపోయినదో అనిపించినది. ఆ తమాషాలో మాటలలో పడి ఒకచోట యంత్రాన్ని కదపడం మరిచినాను. దిమ్మ మీద రూపాయి బిళ్ళంత నల్లని మాడు పడినది. శిష్యుడు చేస్తే తిట్టేవాణ్ణి.

సాయంకాలానికి కొయ్య బయటపడినది. బయటపడినది గాని, అతడు కలగన్న కొయ్య కాదు. అయిదు పలకలు అతికి చేసిన దిమ్మ. ఒక పలక లేత, ఒక పలక ముదురు. చారలు ఒకదానికొకటి పొంతన లేవు. నడుమ ఒక ముడి ఊడిపోయిన చోట లప్పం పెట్టి పూడ్చినారు. మావాడు అరగంటసేపు మాట్లాడలేదు. "మోసపోయినాను మామయ్యా" అన్నాడు చివరికి. నాకు అట్లా తోచలేదు. చారలు అందమైన కొయ్యను పారదర్శకమైన పూతకు ఏరిపెట్టి, తక్కినదానికి దట్టమైన రంగు వేయడం ఈ పరిశ్రమలో మొదటి నుంచి ఉన్న పద్ధతి. అతికిన కొయ్య పలకదని కాదు. గొప్ప గిటార్లలోనూ రెండు మూడు పలకల అతుకులు ఉన్నవి. చేసినవాడు దాచదలచినదానిని దాచినాడు, తీసినవాళ్ళం మేము. మళ్ళీ నల్లరంగు వేద్దామా అని అడిగినాను. రాత్రంతా ఆలోచించి, తెల్లవారి "వద్దు" అన్నాడు.

ఆపైన నాలుగు రోజులు గరుకు కాగితమే. 80వ నెంబరుతో మొదలుపెట్టి 120, 180, 220 దాటి 320 వరకు, ఎప్పుడూ చారల దారినే. అడ్డంగా రుద్దిన గీతలు ఆ పూటకు కనబడవు. పూత పడిన తరువాత పగబట్టినట్టు లేస్తవి. మెడ కూర్చునే గూడును ముట్టుకోనివ్వలేదు. అక్కడ గోరంత వదులైనా తీగెలు తిన్నగా నిలవవు. చివర తడిగుడ్డతో తుడిచి, పీచు లేచి ఆరిన తరువాత మరొకసారి మెత్తగా రుద్దించినాను. మాడు చాలావరకు పోయినది. లప్పం పోలేదు. వసారా నిండా దుమ్ము చూచి మా ఇంటావిడ, "సెలవులకు వచ్చింది మేనల్లుడా, వడ్రంగా?" అన్నది.

అవిసెనూనె పట్టిద్దామని మావాడి కోరిక. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే, గాలితో కలిసి వేడెక్కి తమంత తామే అంటుకొంటవి. విప్పి ఆరవేయాలి, లేదా నీళ్ళలో ముంచాలి. మా పెంకుటింట్లో ఆ ప్రయోగం నాకు ఇష్టం లేకపోయినది. లక్క వేద్దామన్నాను. ఏటికొప్పాక బొమ్మల నిగ్గు లక్కదే. వెనుకటి 78 గ్రామఫోను రికార్డులు లక్క కలిపి చేసినవే. ఐరోపాలోనూ మేలైన గిటార్లకు లక్కను స్పిరిటులో కరిగించి గుడ్డపొట్లంతో పూసేవారు. ఆ లక్కలో అధికభాగం మనదేశం నుంచి పోయినదే. చెమటకు, వేడికి కొంచెం లొంగుతుంది, నిజమే. అయితే దెబ్బ తిన్నచోట మళ్ళీ నాలుగు చేతులు పూస్తే పాత పూత కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. పాలియెస్టరుకు ఆ సుగుణం లేదు.

పలుచగా పన్నెండు చేతులు పూసినాడు. అయిదు పలకలూ తేనెరంగు తేలి ఒకదానిప్రక్క ఒకటి స్పష్టంగా కనబడినవి. లప్పం పెట్టిన చోటు రంగు పట్టక పాలిపోయి ఉన్నది. దానిమీద చెయ్యి వేసి, "ఇది ఉండనీ" అన్నాడు. పూత గట్టిపడడానికి మూడు వారాలు వ్రేలాడదీయించినాను. రోజుకు పదిసార్లు వ్రేలు పెట్టి చూస్తూనే ఉన్నాడు.

ఊరికి బయలుదేరే ముందురోజు అన్నీ బిగించి, తీగెలు కట్టి, శ్రుతి చేసి వాయించినాడు. "విన్నావా మామయ్యా, నాదం ఎట్లా విచ్చుకున్నదో!" అన్నాడు. తీగెలు కూడా కొత్తవే గదరా అన్నాను. అతడు వినిపించుకోలేదు.